ఆదివారం ఎవరికి సెలవు?

మన పేటల్లో ఇళ్ల అటకల మీద దుమ్ము పట్టిన పుస్తకాలు చాలావరకు సార్వత్రిక విశ్వవిద్యాలయం పుస్తకాలే. డిగ్రీ మొదటి ఏడు ఫీజు కట్టి, రెండో ఏడు ఆగిపోయినవాళ్లవి. వీళ్లకు చదువు మీద శ్రద్ధ లేదంటారు పెద్దలు. శ్రద్ధ లేనివాడు కూలి డబ్బుల్లోంచి ఫీజు ఎందుకు కడతాడయ్యా?

ఈ విశ్వవిద్యాలయాన్ని 1982లో హైదరాబాదులో పెట్టారు. దేశంలో ఈ రకంలో ఇదే మొదటిది. ఇంటర్ లేనివాళ్లకు కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది. మంచి పనే, కాదనం. 1991లో బాబాసాహెబ్ పేరు పెట్టారు. పేరు పెట్టారు సరే, ఆయన కాలేజీ నడిపిన తీరు నేర్చుకున్నారా?

1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచినప్పుడు ఆయన పొద్దున్నే క్లాసులు పెట్టించారు. పగలు పనిచేసి పొట్టపోసుకునే కుర్రాళ్లు క్లాసు విని పనికి పోవాలని. పనివాడి పొద్దును బట్టి గంట కొట్టించిన మనిషి!

మరి ఇక్కడ? స్టడీ సెంటరు పట్నం కాలేజీలో. క్లాసులు ఆదివారాలు. గుమాస్తాకు ఆదివారం సెలవు. మిరపకాయల కోతకు పోయే పిల్లకు ఏ వారం సెలవు? క్లాసుకు పోతే ఆ రోజు కూలి పోయె, పైగా బస్సు చార్జీ ఎదురు. (ఆదివారం ప్రార్థనకు పోవాల్సిన ఇళ్లూ మనలో వున్నాయి, అది వేరే సంగతి.) రాకపోయినా పుస్తకం చదువుకుంటే చాలంటారు. తాతల నాటి నుంచీ ఇంట్లో చదువున్నవాడికి చాలు. డిమాండ్ రేఖ అర్థంకాకపోతే వాడికి మేనమామ చెప్తాడు. మనవాడికి ఎవరు చెప్తారు?

ఇక డబ్బు. 2010లో సవరించిన కేంద్ర స్కాలర్‌షిప్పు నిబంధనల్లో కరస్పాండెన్స్ కోర్సు చదివే ఎస్సీ విద్యార్థికి ఫీజు గాక పుస్తకాలకు ఏడాదికి 1200 రూపాయలన్నారు. అంటే నెలకు నూరు. 2019లో ఆంధ్రాలో వచ్చిన విద్యాదీవెన ఆ మాత్రం కూడా కాదు, దూరవిద్య వాళ్లను గడప బయటే నిలబెట్టింది. దూరం మనకు కొత్తా? ఊరికి దూరం, బావికి దూరం, ఇప్పుడు చదువుకీ దూరం.

మనం అడిగేది కొత్త బిల్డింగులు కాదు. పేటలోని అంబేద్కర్ భవనంలో రాత్రి ఏడు దాటాక క్లాసు కావాలి. చెప్పేవాళ్లు మనలోనే వున్నారు, పీజీలు చేసి ఖాళీగా తిరుగుతున్న పిల్లలు. వాళ్లకు గౌరవ వేతనం విశ్వవిద్యాలయమే ఇవ్వాలి. కోతల రోజుల్లో పరీక్షలు పెట్టకూడదు.

కార్యకర్తలు ముందు ఒక పని చేయండి. పేట పేటకూ తిరిగి చదువు ఆపినవాళ్ల పేర్లు రాయండి. ఏ పేపరు దగ్గర ఆగారో, ఏ నెలలో ఆగారో కూడా రాయండి. ఆడపిల్లల్ని ఆడవాళ్లే విడిగా అడగాలి, పెళ్లి పేరుతో మానిపించిన సంగతి అన్నల ముందు చెప్పరు. ఆ జాబితా పట్టుకుని స్టడీ సెంటరుకు పోదాం. ఆదివారమే పోదాం, సార్లు ఆ రోజే వుంటారు. ఒక్కరోజు కూలి పోతే పోనీ.