ఐపీ పెట్టిన తర్వాత: బ్యాంకు ఖాతా, సంఘం ఖాతా

మలక్‌పేట గంజ్‌లో ఉల్లిగడ్డల కమీషన్ వ్యాపారం కావచ్చు, నల్గొండ చౌరస్తా దగ్గర మందుల షాపు కావచ్చు, దిల్‌సుఖ్‌నగర్ వైపు చిన్న కోచింగ్ సెంటర్ కావచ్చు. వ్యాపారం మునిగిందంటే వీధిలో వినిపించే మాట ఒకటే: "ఐపీ పెట్టాడట." ఆ మాట అనేటప్పుడు అందరూ గొంతు తగ్గిస్తారు. మరుసటి ఆదివారం ఆరాధనలో ఆ కుటుంబం కూర్చునే చోటు ఖాళీగా ఉంటుంది. రెండు మూడు వారాలు పాస్టరుగారు అడుగుతారు. తర్వాత ఆయన కూడా అడగడం మానేస్తారు. ఎందుకంటే వాళ్లకు అప్పిచ్చినవారు కూడా అదే సంఘంలో, రెండు వరుసల వెనక కూర్చుని ఉంటారు.

దివాలా తీసిన మనిషికి మళ్లీ బ్యాంకు తలుపు తెరుచుకుంటుందా అన్నది ఈ వారం మన విషయం. తెరుచుకుంటుంది. కానీ చాలామంది అనుకునే దారిలో కాదు, అనుకునే క్రమంలోనూ కాదు.

ముందు ఐపీ అంటే ఏమిటో చూద్దాం. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అన్న మాటకు అది పొట్టి పేరు. ఇప్పటికీ ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. బాకీలు 500 రూపాయలు దాటితే పిటిషన్ వేయవచ్చని ఆ చట్టం అంటుంది. ఈ అంకె చూస్తేనే ఆ చట్టం వయసు తెలుస్తుంది. 2016లో పార్లమెంటు కొత్త దివాలా చట్టం చేసింది. అందులో మామూలు మనుషుల కోసం కూడా ఒక భాగం ఉంది. ఏడాదికి 60,000 రూపాయలకు మించని ఆదాయం, 20,000కు మించని ఆస్తి, 35,000కు మించని అప్పు ఉండి, సొంత ఇల్లు లేని పేదవాడికి బాకీ నుంచి పూర్తి విడుదల ఇచ్చే ఏర్పాటు కాగితం మీద ఉంది. అది ఇంతవరకు అమల్లోకి రాలేదు. 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది ఒక్క వర్గానికే: కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికి. పెద్ద కంపెనీ యజమాని విషయంలో 2016 చట్టం నడుస్తోంది, గంజ్‌లో కూర్చునే చిన్న వ్యాపారికి 1920 చట్టమే దిక్కు. ఈ తేడా గురించి మన ప్రజాప్రతినిధులను అడిగినవారు ఎవరూ కనబడరు.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. పిటిషన్ వేస్తే బాకీ తీరిపోయినట్టే అని మనవాళ్ల నమ్మకం. వకీలు ఫీజు కట్టి, అప్పులవాళ్లందరికీ నోటీసులు వెళ్లాక, ఇక ఎవరూ ఇంటి మీదికి రారని ఊపిరి పీల్చుకుంటారు. చట్టం చెప్పేది వేరు. కోర్టు దివాలాదారుగా ప్రకటించాక అతని ఆస్తి కోర్టు చేతిలోకి, రిసీవరు చేతిలోకి పోతుంది. కోర్టు ఒక గడువు పెడుతుంది. ఆ గడువులోపు అతడు మళ్లీ కోర్టుకు వెళ్లి 'డిశ్చార్జ్' అడగాలి, అంటే విడుదల కోరాలి. అడగకపోతే దివాలా ప్రకటననే రద్దు చేయవచ్చు. అప్పుడు పాత బాకీలు పాతట్లే లేచి నిలబడతాయి.

డిశ్చార్జ్ కూడా ఊరికే రాదు. ఆస్తుల విలువ బాకీల్లో రూపాయికి ఎనిమిది అణాలైనా లేకపోతే, అది తన తప్పు వల్ల కాదని కోర్టును ఒప్పించాలి. మోసం చేసి తెచ్చిన అప్పుకు, ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీకి విడుదల లేదు. డిశ్చార్జ్ రాకముందు కొత్తగా సంపాదించిన ఆస్తి మీద కూడా రిసీవరుకు హక్కు ఉంటుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. డిశ్చార్జ్ కాని దివాలాదారు తన పరిస్థితి చెప్పకుండా ఎవరి దగ్గరైనా 50 రూపాయలు, ఆపైన అప్పు తీసుకుంటే అది నేరం. ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. ఐపీ పెట్టి, ఆ కాగితం బీరువాలో దాచి, బావమరిది పేరు చెప్పుకుని కొత్త షాపు తెరిచి, కొత్త మనుషుల దగ్గర సరుకు అరువు తెచ్చుకునేవారు ఈ మాట వకీలుతో ఒకసారి మాట్లాడుకోవాలి. చెక్కు బౌన్స్ కేసు కూడా వేరే దారి. అది క్రిమినల్ కోర్టులో నడుస్తుంది, ఐపీ వేశామని ఆగిపోదు.

కాబట్టి బ్యాంకుతో సంబంధం మళ్లీ మొదలవ్వాలంటే తొలి మెట్టు క్రెడిట్ కార్డు కాదు, డిశ్చార్జ్ ఉత్తర్వు. దాని నకలు చేతిలో లేకుండా మిగిలిన సలహాలన్నీ ఇసుక మీద ఇల్లే.

ఇక ఐపీలో నష్టపోయేది ఎవరు? బ్యాంకు అనుకుంటాం. ఇల్లు తాకట్టు పెట్టుకున్న బ్యాంకు దివాలా కేసుకు బయటే నిలబడి తన తాకట్టు తాను అమ్ముకోవచ్చు. దానికి 2002 నాటి సర్ఫేసీ చట్టం ఉంది. చివరికి చేయి ఖాళీ అయ్యేది తాకట్టు లేకుండా ఇచ్చినవాళ్లకు. రిటైర్‌మెంట్ డబ్బు నుంచి మూడు లక్షలు చేబదులు ఇచ్చిన టీచరమ్మ. కూతురి పెళ్లికని దాచుకున్నది నోటు మీద ఇచ్చిన ఆటో డ్రైవరు. చిట్టీ పాడకుండా చివరి నెల దాకా ఆగిన విధవరాలు. వీళ్లు ఏ క్రెడిట్ బ్యూరోలోనూ ఉండరు. వీళ్ల పేర్లు పిటిషన్‌కు జతచేసిన జాబితాలో ఉంటాయి, చాలాసార్లు మన సంఘం రిజిస్టరులోనూ ఉంటాయి. క్షమాపణ గురించి ప్రసంగించేటప్పుడు మనం వీళ్ల వైపు కూడా చూస్తూ మాట్లాడాలి.

బ్యాంకు ఖాతా విషయానికి వద్దాం. అప్పు చరిత్ర రాసిపెట్టే సంస్థలు మన దేశంలో నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. 2005 నాటి చట్టం కింద ఇవి పనిచేస్తాయి. స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. సమాచారాన్ని కనీసం ఏడేళ్లు దాచాలని వీటికి నిబంధన. ఏడేళ్లు అనగానే మనకు ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయం గుర్తొస్తుంది. అక్కడ ఏడో ఏట అప్పు విడిచిపెట్టాలి. ఇక్కడ కనీసం ఏడేళ్లు గుర్తుపెట్టుకోవాలి. ఆ అధ్యాయంలోనే ఇంకో మాట ఉంది, దాన్ని మనం తక్కువగా చదువుతాం. విడుదల సంవత్సరం దగ్గరపడుతోంది కదా అని లెక్కవేసి పేదవాడికి అప్పివ్వకుండా చేయి ముడుచుకోవద్దని మోషే హెచ్చరించాడు. విడుదల ఉన్న చోట అప్పు పుట్టడం కష్టమవుతుందని ఆయనకు అప్పుడే తెలుసు.

విదేశాల్లోని మనవాళ్ల అనుభవం కూడా చూడవచ్చు. ఇంగ్లండులో దివాలా ప్రకటించిన మనిషికి మామూలుగా 12 నెలల్లో డిశ్చార్జ్ దానంతటదే వస్తుంది, క్రెడిట్ రికార్డులో ఆరేళ్లు ఉంటుంది. అమెరికాలో చాప్టర్ 7 దివాలా పదేళ్ల వరకు రిపోర్టులో కనబడవచ్చు. అక్కడ మచ్చ ఎక్కువకాలం ఉన్నా దారి స్పష్టంగా ఉంది. ఇక్కడ దారే మసకగా ఉంది.

మన రిపోర్టులో బాధపెట్టే మాటలు మూడు: 'రిటన్ ఆఫ్', 'సెటిల్డ్', 'సూట్ ఫైల్డ్'. బ్యాంకు రిటన్ ఆఫ్ అని రాసుకుందంటే మాఫీ చేసిందని కాదు. తన పుస్తకాల్లో నష్టం కింద చూపించుకుంది, అంతే. సెటిల్డ్ అంటే కొంత తీసుకుని మిగతాది వదిలేసింది. అది 'క్లోజ్డ్'తో సమానం కాదు. లక్ష బాకీకి నలభై వేలు కట్టించి "అయిపోయింది సార్" అని ఫోనులో చెప్పే ఏజెంటు ఈ తేడా చెప్పడు. రిజర్వు బ్యాంకు 2023 జూన్ 8న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలా రాజీ చేసుకున్నవారికి, వ్యవసాయేతర రుణాల్లో, ఆ బ్యాంకు కనీసం 12 నెలల పాటు కొత్త అప్పు ఇవ్వకూడదు. ఆ ఏడాది ఎక్కడా దరఖాస్తు చేయకుండా ఉండడమే మేలు. తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకూ ముందు బ్యాంకు రిపోర్టు తీసి చూసిన జాడ అందులో పడుతుంది.

నాలుగు సంస్థల్లో ప్రతిదీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. డబ్బు కట్టి తెప్పించుకోనక్కర్లేదు. అందులో మనకు తెలియని పేర్లు కనబడితే కంగారు పడవద్దు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌లో తీసుకున్న పాత అప్పు ఇప్పుడు ఎస్‌బీఐ పేరుతో ఉంటుంది, 2017 ఏప్రిల్ 1న అది కలిసిపోయింది కనుక. ఆంధ్రా బ్యాంకు అప్పు 2020 ఏప్రిల్ నుంచి యూనియన్ బ్యాంకుది. కొన్ని మొండి బాకీలను బ్యాంకులు ఆస్తుల పునర్నిర్మాణ సంస్థలకు అమ్మేస్తాయి, నో డ్యూస్ సర్టిఫికెట్ అప్పుడు ఆ సంస్థ నుంచే రావాలి. కోర్టు డిశ్చార్జ్ ఇచ్చినంత మాత్రాన రిపోర్టు దానంతటది మారదు. ఉత్తర్వు నకలు జతచేసి అప్పిచ్చిన సంస్థకూ, క్రెడిట్ సంస్థకూ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫోను నంబరు 14448. ఇంకో మంచి మార్పు: 2025 జనవరి నుంచి బ్యాంకులు సమాచారాన్ని పదిహేను రోజులకోసారి పంపాలి. కట్టిన వాయిదా మునుపటికంటే తొందరగా కనబడుతుంది. కట్టనిదీ అంతే.

"మీ సిబిల్ శుభ్రం చేస్తాం" అని కరపత్రాలు పంచేవారికి ఒక్క రూపాయి ఇవ్వకండి. నిజమైన ఎంట్రీని తీసేసే శక్తి ఎవరికీ లేదు.

మళ్లీ కట్టుకోవడం చిన్నగానే మొదలవుతుంది. కనీస నిల్వ అక్కర్లేని బేసిక్ సేవింగ్స్ ఖాతా ఎవరైనా తెరవవచ్చు, దానికి స్కోరుతో పని లేదు. పాత బాకీ ఉన్న బ్యాంకులోనే జీతం ఖాతా పెట్టుకుంటే ఆ బ్యాంకు జీతంలోంచి సర్దుబాటు చేసుకునే ప్రమాదం ఉంది, వేరే బ్యాంకు చూసుకోవడం తెలివి. డిశ్చార్జ్ వచ్చాక పది, ఇరవై వేల ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు తీసుకుని, పరిమితిలో మూడోవంతు లోపే వాడి, ప్రతి నెలా మొత్తం కట్టాలి. ఏడాది, రెండేళ్లు ఇలాగే. మధ్యలో యాప్ లోన్ల జోలికి పోవద్దు. 2020 డిసెంబరులో ఆ యాప్‌ల వేధింపులకు మన నగరంలోనే ప్రాణాలు పోయాయి, పోలీసులు అరెస్టులు చేశారు, తర్వాతే రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో డిజిటల్ అప్పులకు నిబంధనలు తెచ్చింది.

ఇంకా ఐపీ దాకా పోనివారికి ఒక మాట. లోక్ అదాలత్‌లో బ్యాంకుతో రాజీ చేసుకుంటే ఆ తీర్పుకు డిక్రీ విలువ ఉంటుంది, కోర్టు ఫీజు భారం ఉండదు. స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవల సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. కట్టలేకపోవడం నేరం కాదని, డబ్బుండి ఎగ్గొట్టినవాణ్ణి తప్ప బీదవాణ్ణి బాకీ కోసం జైల్లో పెట్టరాదని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. ఇంటి ముందుకొచ్చి జైలు అని బెదిరించే రికవరీ మనిషికి ఈ మాట చెప్పవచ్చు.

సంఘం సంగతి. సామెతల గ్రంథం పూటపడడం గురించి పదేపదే హెచ్చరిస్తుంది. చట్టం కూడా అదే అంటుంది: అసలు బాకీదారుకు డిశ్చార్జ్ వచ్చినా జామీనుదారుకు విడుదల లేదు. అయినా పౌలు ఫిలేమోనుకు రాస్తూ, ఒనేసిము బాకీ ఏదైనా ఉంటే తన లెక్కలో వేసుకోమని తన చేత్తోనే రాసి ఇచ్చాడు. రెండింటికీ వైరుధ్యం లేదనుకుంటాను. పౌలు తాను కడతానని తెలిసి సంతకం పెట్టాడు. మనం ఎదుటివాడు కడతాడులే అనుకుని పెడతాం. సంఘ పెద్ద కదా అని జామీను అడిగేవారికి, పెట్టేవారికి కొలమానం ఇదే: ఆ మొత్తం నా జేబులోంచి పోయినా నా ఇల్లు నిలబడుతుందా?

"విశ్వాసంతో లోనుకు అప్లై చేశాను, దేవుడు శాంక్షన్ చేయించాడు" అన్న సాక్ష్యాలు ఇటీవల మన కూటాల్లో ఎక్కువయ్యాయి. ఆ లోను తీరిన రోజు సాక్ష్యం చెప్పినవారిని నేను తక్కువగా చూశాను.

ఎలీషా దగ్గరకు వచ్చిన విధవరాలి కథలో క్రమం గమనించండి. ఇంట్లో ఏముందో చెప్పమని ప్రవక్త ముందు అడిగాడు. నూనె నిండాక అమ్మమన్నాడు, అప్పు తీర్చమన్నాడు, మిగిలినదానితో బతకమన్నాడు. ఐపీ పెట్టి, డిశ్చార్జ్ తెచ్చుకుని, మూడు నాలుగేళ్లకు స్కోరు 750 దాటిన సహోదరుడు కారు లోను తీసుకునే ముందు ఆ టీచరమ్మ గుర్తుకు రావాలి. చట్టం ఆమె బాకీని కొట్టేసింది నిజమే. నెలకు రెండు వేలైనా ఇవ్వడాన్ని ఏ చట్టమూ అడ్డుకోదు. అదే సమయంలో ఆమె తరఫున అతన్ని ఆదివారం గుమ్మం దగ్గర నిలదీసే హక్కు మనకెవరికీ లేదు. ఆ ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, నెలకు ఎంత అన్నది కాగితం మీద రాయించగల ఒక పెద్దమనిషి మాత్రం కావాలి.

అలాంటి మనుషులు మన దగ్గర ఉన్నారు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌లో, ఆంధ్రా బ్యాంకులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవారు మలక్‌పేట, సైదాబాద్, మూసారంబాగ్ సంఘాల్లో ఉన్నారు. కానుకలు లెక్కపెట్టే పని తప్ప వారికి మనం వేరే పని అప్పగించలేదు. నెలకు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, తలుపు వేసుకునే వీలున్న ఒక గదిలో, ఒక బల్ల, రెండు కుర్చీలు వేస్తే చాలు. వచ్చినవారి పేరు బయటకు రాకూడదు. రిపోర్టు తెప్పించుకోవడం, ఫిర్యాదు రాయడం, డిశ్చార్జ్ గడువు ఎప్పుడో చూసి వకీలు దగ్గరకు పంపడం, అప్పిచ్చిన సంఘస్థులతో మాట్లాడడం వారు చేయగలరు. అప్పు ఇవ్వడం, జామీను ఉండడం మాత్రం ఆ బల్ల పని కాదని మొదటి రోజే చెప్పాలి.