పొత్తు నిండాలంటే

తీపి మొక్కజొన్న వేరే పంటేమీ కాదు. మొక్కజొన్నలో పుట్టిన ఒక లోపం. మామూలు గింజలో చేరిన చక్కెర ముదిరేకొద్దీ పిండిగా మారుతుంది. ఆ మార్పును నడిపే జన్యువుల్లో ఒకటి పనిచేయకపోతే చక్కెర చాలావరకు చక్కెరగానే ఉండిపోతుంది. అందుకే దీని విత్తనం ఎండితే ముడతలు పడుతుంది, పాల మీదున్న పొత్తు మాత్రం నోట్లో తియ్యగా పేలుతుంది. ఈ లోపాన్ని వరంగా గుర్తించి కాపాడినవారు అమెరికా ఆదివాసులు. వలస వచ్చిన తెల్లవారికి ఇది 1779లో ఇరక్వాయ్ ప్రజల నుంచి అందిందని వ్యవసాయ చరిత్ర చెబుతుంది. ఆ తర్వాత చాలాకాలం తెల్ల గింజకే మర్యాద. పసుపు గింజ పశువుల దాణా కింద లెక్క. 1902లో బర్పీ విత్తనాల సంస్థ ‘గోల్డెన్ బాంటమ్’ అనే పసుపు రకాన్ని అమ్మకానికి పెట్టాక ఆ చిన్నచూపు పోయింది. ఆ విత్తనం నేటికీ దొరుకుతుంది.

విత్తనాల పొట్లం మీద రంగుల బొమ్మకన్నా ముందు చూడవలసింది జన్యువు గుర్తు. ‘ఎస్‌యూ’ అంటే పాత, మామూలు తీపి రకం. ‘ఎస్‌ఈ’ అంటే అంతకన్నా తియ్యనిది, గింజ మెత్తనిది. ‘ఎస్‌హెచ్2’ అంటే అతితీపి రకం. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రవేత్త జాన్ లాఫ్నన్ మొక్కజొన్న మీద పరిశోధన చేస్తూ ముడుచుకుపోయిన గింజలను నోట్లో వేసుకుని చూశారు. వాటిలోని అసాధారణమైన తీపి గురించి 1953లో ప్రకటించారు. దుకాణాల్లో ఇప్పుడు కనిపించే పొత్తుల్లో చాలావరకు ఆ సంతతివే. పాత రకం కోసిన పొత్తు వేసవి వేడిలో ఒక్క రోజులోనే సుమారు సగం చక్కెర పోగొట్టుకుంటుంది. అతితీపి రకం ఫ్రిజ్‌లో కొన్ని రోజులు నిలుస్తుంది. ఎసరు మరిగాకే పొత్తు కోయడానికి వెళ్ళాలన్న అమెరికా పల్లెల మాట పాత రకాల కాలం నాటిది. నిజానికి పెరటి సాగుకు పెద్ద సమర్థన కూడా అదే. బజారులో దొరికే అతితీపి రకాన్నే పెరట్లోనూ వేయడంలో పెద్ద లాభం లేదు. రవాణాకు ఆగని రకం పెరట్లో వేసుకుంటేనే ఆ శ్రమకు అర్థం.

డాలస్, న్యూజెర్సీ, అట్లాంటా శివార్లలో తెలుగువారి పెరళ్ళలో గోంగూర, సొర, బీర, చిక్కుడు కంచె పక్కన వరసగా పెరుగుతాయి. మొక్కజొన్ననూ ఆ అలవాటు మీద కంచె వెంట ఒకే వరసలో నాటడం సర్వసాధారణంగా జరిగే పొరపాటు. మొక్కలు ఏపుగా పెరుగుతాయి, జల్లు వస్తుంది, పీచు వస్తుంది, తీరా ఒలిచి చూస్తే పొత్తు బోసినోరే. నెపం ఎరువు మీదికో విత్తనం మీదికో పోతుంది. అసలు కారణం గాలి.

మొక్కజొన్నకు మగపూత తలమీద, జల్లులో; ఆడపూత నడుం దగ్గర, పొత్తులో. పొత్తు కొసన వేలాడే పీచులో ప్రతి పోగూ ఒక్కో గింజకు దారి. ఆ పోగు మీద పుప్పొడి రేణువు వాలి లోపలికి చేరితేనే ఆ గింజ పాలు పోసుకుంటుంది. లేకపోతే అక్కడ ఖాళీ. ఒక పొత్తుకు ఇలాంటి పోగులు కొన్ని వందలుంటాయి. పుప్పొడిని మోసేది తేనెటీగ కాదు, గాలి. ఒంటి వరసకు అడ్డంగా గాలి వీస్తే పుప్పొడి పక్కింటి గడ్డి మీద పడుతుంది. అందుకే ఎన్ని మొక్కలున్నా వాటిని చదరంగా, కనీసం నాలుగు పొట్టి వరసలుగా నాటాలి. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న మడిలో అడుగుకొకటి చొప్పున 16 మొక్కలు పడతాయి. మొక్కకు ఒక మంచి పొత్తు ఖాయం, రెండోది అదృష్టం. ఇంత తక్కువ మొక్కలున్నప్పుడు ఉదయం పూట జల్లును మెల్లగా దులిపి, కాగితం సంచిలో పడిన పుప్పొడిని పీచు మీద చల్లడం మంచిది. నాలుగైదు రోజులు వరసగా చేస్తే తేడా తెలుస్తుంది.

గాలి చేసే మేలుకు కీడు కూడా తోడుంటుంది. అతితీపి రకం పీచు మీద మామూలు మొక్కజొన్న పుప్పొడి వాలితే ఆ ఏడాది గింజే పిండిపిండిగా తయారవుతుంది. మరుసటి పంటదాకా ఆగదు. రెండింటికీ మధ్య 250 అడుగుల దూరమో, పూతకు రెండు వారాల తేడానో ఉండాలి. ఇల్లినాయ్, అయోవాల్లో కొత్త కాలనీల ప్రహరీ దాటితే దాణా మొక్కజొన్న పొలాలే కాబట్టి అక్కడ ఇది పుస్తకాల జాగ్రత్త కాదు.

నాటే వేళను నేల వేడి చెబుతుంది, క్యాలెండర్ కాదు. మామూలు రకానికి నేల 55 నుంచి 60 డిగ్రీల ఫారన్‌హీట్ వేడెక్కితే చాలు. అతితీపి విత్తనంలో మొలకకు ఆహారమయ్యే పిండి తక్కువ, దానికి 65 అయినా ఉండాలి. చల్లని తడినేలలో అది కుళ్ళిపోతుంది. డాలస్ వైపు ఈ అదను మార్చిలో, న్యూజెర్సీలో మే నెల దగ్గరపడ్డాక. అంగుళం లోతున, 8 నుంచి 12 అంగుళాల ఎడంతో నాటాలి. పెద్ద మడుల్లో వరసల మధ్య రెండున్నర, మూడడుగులు వదలడం పద్ధతి. రంగు పూసిన విత్తనాలకు తెగులు మందు పట్టించి ఉంటుంది, పిల్లల చేతికి ఇవ్వకూడదు. రోజుకు ఆరేడు గంటల ఎండ తగలని పెరట్లో ఈ పంట జోలికి పోకపోవడమే నయం.

నత్రజని దీనికి ఎంత పెట్టినా చాలదు. దుక్కిలో కంపోస్టు వేసినా, మొక్క మోకాలెత్తుకు వచ్చాక ఒకసారి, జల్లు తొంగిచూసే ముందు ఇంకోసారి పైపాటుగా ఎరువు వేసి మట్టి ఎగదోయాలి. మొదట్లో వచ్చే పిలకలను పీకనక్కరలేదు. నీళ్ళు వారానికి అంగుళం. జల్లు నుంచి పీచు ఎండేదాకా ఒక్క తడి తప్పినా గింజ నష్టమే. టెక్సస్ వేసవిలో ఎండ 95 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చిపోతుంది. అక్కడ తొందరగా విత్తడం తప్ప మందు లేదు.

మొక్కజొన్న, పాకే చిక్కుడు, గుమ్మడి కలిపి వేసే ఆదివాసుల ‘ముగ్గురక్కచెల్లెళ్ళ’ పద్ధతిని చూసి ముచ్చటపడేవారు చాలామంది. అది గింజ ఎండేదాకా పొలంలో నిలిచే గట్టి రకాలకు కుదిరిన ఏర్పాటు. పాల మీదే కోసే సన్నకాండపు తీపి రకానికి చిక్కుడు తీగ బరువవుతుంది, కోతకూ అడ్డమే.

పీచు మీద గుడ్లు పెట్టి కొసనుంచి పొత్తులోకి దూరే పురుగు మన శనగపచ్చ పురుగుకు దగ్గర చుట్టం. పీచు వాడడం మొదలయ్యాక కొసన నాలుగైదు చుక్కల మినరల్ ఆయిల్ వేస్తే అది లోపలికి పోదు. అంతకన్నా ముందే వేస్తే గింజ పట్టదు. పురుగు పట్టినా కొస తరిగి పారేస్తే మిగతాది తినొచ్చు. బూడిద రంగు బుడిపెలతో వచ్చే కాటుక తెగులు సోకిన పొత్తును పగలకముందే తీసేయాలి. మెక్సికోలో దాన్నే ఇష్టంగా వండుకుంటారు. అన్నిటికన్నా తెలివైన శత్రువు రకూన్. ఇంటివారు రేపు కోద్దామనుకున్న పొత్తును అది ఈ రాత్రే కోస్తుంది. నేలకు 6, 12 అంగుళాల ఎత్తున రెండు కరెంటు తీగలు కడితే ఆగుతుంది, కాలనీ సంఘం నిబంధనలు ఒప్పుకుంటే.

పీచు బయటపడ్డ 18 నుంచి 24 రోజులకు కోత. పీచు గోధుమరంగుకు తిరిగి ఎండి ఉండాలి. గోటితో గింజ గిల్లితే నీరు కాదు, పాలు రావాలి. పిండి వస్తే అదను దాటినట్టే. పొత్తును కిందికి వంచి మెలితిప్పితే విరిగి చేతికొస్తుంది.

ఉడకబెట్టడానికి దీన్ని మించినది లేదు. నిప్పుల మీద మాత్రం నాటు పొత్తులా కాలదు, చక్కెర మాడి గింజ ముడుచుకుపోతుంది; పొట్టుతోనే తడిపి కాల్చడం మేలు. మక్క గారెలకు ఇది ఇంకా పేచీ. పిండి లేని నీటిగింజ కావడంతో రుబ్బు జారిపోతుంది, గారె నూనె తాగుతుంది. నాలుగైదు రోజులు మొక్క మీదే ముదరనిచ్చిన పాత రకం పొత్తుల్ని నీళ్ళు పోయకుండా కచ్చాపచ్చాగా రుబ్బి, గుప్పెడు బియ్యప్పిండి కలిపితే గారె నిలబడుతుంది.