దాల్చా మీద తెల్లటి పొర

హుస్సేనీ ఆలంలో తెల్లవారేది నహారీ వాసనతోనే. ఫజర్ నమాజు చేసుకుని వచ్చినవాళ్లు కుల్చా తుంచి, పైన ఎర్రగా తేలే నూనెలో ముంచుకుని తింటుంటారు. నాకూ ఇష్టమే ఆ రుచి. అయితే పాతబస్తీ తిండి అనగానే నహారీ, హలీం, బిర్యానీ అని మూడు పేర్లు చెప్పి, ‘అవన్నీ మానేసి ఓట్స్ తినండి’ అనేవాళ్లను చూస్తే కోపం వస్తుంది. వాళ్లకు తెలిసింది ఇక్కడి బజారు. ఇక్కడి ఇళ్లలో పొయ్యి మీద ఏముంటుందో తెలియదు.

నా స్నేహితుడి అమ్మగారు ఈ గల్లీలోనే ఉంటారు. నేను ఖాలా అంటాను. వాళ్లాయనకు స్టెంట్ వేశారు. నిరుడు చలికాలంలో వెళ్తే ఆమె మొదట అడిగిందే ఇది: “గోష్ (మాంసం) తగ్గించమన్నారు బేటా. దాల్చా కూడా తినకూడదా?”

తినొచ్చు ఖాలా, అన్నాను. దాల్చాలో ఏముంటుంది? శనగపప్పు, సొరకాయ, చింతపండు పులుసు, నాలుగు ఎముకల ముక్కలు. మన పెళ్లిళ్లలో బగారా అన్నంతో వడ్డించేదే. అరకిలో మాంసంతో ఎనిమిది మందికి కడుపు నిండే కూర అది. ఖట్టీ దాల్, అంబాడా (మన గోంగూరే), చింతచిగురు గోష్, అన్నీ ఈ ఇళ్ల వంటలే. పప్పుల్లోని కరిగే పీచు పేగుల్లో పిత్తరసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. మళ్లీ పిత్తం తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోంచి కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది. ఆ పని ఓట్స్ ఒక్కటే చేస్తుందని ఎవరన్నారు?

ఇబ్బందల్లా కొవ్వుతోనే. ఖాలా ఫ్రిజ్‌లోంచి ముందు రోజు దాల్చా గిన్నె తీసి మూత తెరిచారు. పైన వేలి మందం తెల్లటి పొర గడ్డకట్టి ఉంది. చెంచా అంచుతో నొక్కితే పెంకులా విరిగింది. మాంసంలోని సంతృప్త కొవ్వు అది. అది ఎక్కువైతే, రక్తంలోని ఎల్‌డీఎల్‌ను (చెడు కొలెస్ట్రాల్‌ను) పట్టి లోపలికి తీసుకునే గ్రాహకాలు కాలేయం మీద తగ్గిపోతాయి. ఆ గ్రాహకాలను కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టైన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. వేడి మీద తినేస్తే ఆ పొర మనకు కనపడదు. రాత్రి వండి, చల్లార్చి, పొద్దున తీసేసి వేడి చేసుకుంటే రుచి ఎక్కడికీ పోదు. ముక్కలకు పులుపు ఇంకా బాగా పడుతుంది కూడా.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన కొత్త మార్గదర్శకాల్లో, రోజుకు రెండు వేల కేలరీలు చాలినవారి కంచం లెక్క ఉంది. ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400, పప్పులూ గుడ్లూ మాంసమూ కలిపి 85, నూనె నెయ్యి 27. మన కంచంలో అన్నం కొండలా ఉంటుంది, కూరగాయ అంచున ఉంటుంది. 27 గ్రాములంటే టీ చెంచాతో అయిదారు. నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. ఖాలా ఇంట్లో ఆరు లీటర్లు అయిపోతోంది. బయట తినే లుఖ్మీ, సమోసా ఆ లెక్కలో లేనే లేవు.

నూనె ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అన్న మాట చూసి ధైర్యంగా పోస్తున్నామన్నారు ఖాలా. మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ ఉండదు. చవకగా దొరికే పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. ఇంత పెద్ద అక్షరాలతో ఆ మాట వేసి, ఈ సంగతి వెనకవైపు చిన్న పట్టికలో పెట్టడం నా దృష్టిలో మోసమే. వనస్పతి సంగతి కొంత నయం. 2022 జనవరి నుంచి నూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు రెండు శాతం దాటకూడదన్న నిబంధన వచ్చింది. కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచే బాండీల మీద మాత్రం తనిఖీ ఇంకా గట్టిగా జరగాలి.

మాత్రలు ఆపొద్దని ఖాలా వాళ్లాయనకూ చెప్పాను. సొరకాయ రెట్టింపు, మాంసం సగం అన్నాను. ఖాలా తల ఊపి, కాసేపాగి, “మరి రంజాన్‌లో హలీం?” అన్నారు.

ఇద్దరికీ కలిపి ఒక చిన్న కప్పు ఖాలా, అదీ వారానికోసారి. పైన నెయ్యి పోయొద్దని ముందే చెప్పండి.