హీరో లారీకి పంచరు పడదు!

సినిమాలో లారీ చెడిపోవడం చూశారా మీరెప్పుడైనా? చూసే వుంటారు లెండి. కానీ అది హీరోయిన్ ఎదురుపడవలసిన చోటే చెడుతుంది. హీరోగారు బానెట్ ఎత్తి, ఏదో తీగ ఇటుది అటు లాగి, చెంప మీద నల్లమరక ఒకటి అందంగా పూసుకోగానే బాగవుతుంది. ఆ తర్వాత పాట!

1990లో వచ్చిన బాలకృష్ణగారి 'లారీ డ్రైవర్'ని టీవీలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. 2021లో 'పుష్ప' వచ్చినప్పుడు అడవి దారుల్లో లారీలు దూసుకుపోతుంటే హాల్లో అందరితోపాటు నేనూ ఈలలు వేసినవాణ్ణే. కానీ ఆ లారీ సీటు కింద పెట్టెలో ఏముంటుందో ఒక్కనాడైనా ఆలోచించానా? లేదు. ఆలోచించనందుకు ఒక కుర్రవాడి చెయ్యి పోవలసింది. ఈవారం ఆ సంగతే చెప్పుకుంటాను.

'పుష్ప' షూటింగు జరిగిన చోట్లలో మారేడుమిల్లి అడవి ఒకటి. రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా వెళ్లాలి. రెండేళ్ల క్రితం, కార్తీకమాసంలో, ఒక అవుట్‌డోర్ యూనిట్ అక్కడ మకాం పెట్టింది. వాళ్ల వంట సామాను, కాస్ట్యూమ్ ట్రంకులు, వాన పైపులు మోయడానికి మా మంగళగిరి నుంచి ఒక లారీని మాట్లాడారు. దాని డ్రైవరు మా వీధి వాడే. వరసకి నాకు బాబాయ్ అవుతాడు. "షూటింగు చూసి నాలుగు ముక్కలు రాసుకుంటాను, నన్నూ తీసుకుపో బాబాయ్" అని వెంటబడ్డాను.

ఏడాదిలో సగం రోజులు ఆ లారీ గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు తోలుతుంది. ఎన్నిసార్లు కడిగినా బాడీలో ఘాటు పోదు. ట్రంకులు ఎక్కించడానికి వచ్చిన యూనిట్ కుర్రాళ్లు తుమ్మిన తుమ్ములకి వీధిలో కుక్కలు లేచాయి!

బయల్దేరే రోజు మధ్యాహ్నమే బాబాయ్ కొండెక్కి పానకాలస్వామికి పానకం పోసి వచ్చాడు. మా స్వామి సంగతి మీకు తెలుసుగా. ఎంత పోసినా సగం తాగి సగం తిరిగి ఇస్తాడంటారు. కిందికి వచ్చాక, గాలిగోపురం కనబడే సందులో లారీ ఆపి, నేల మీద గోతం పరిచి, టూల్ బాక్సంతా దాని మీద బోర్లించాడు.

"ఏంది బాబాయ్ ఇదంతా? పాత ఇనుప సామాను కొట్టు పెడతావా?" అన్నాను.

"అడివిలోకి పోతన్నాం అబ్బాయ్. అక్కడ బెజవాడ ఆటోనగర్ వుండదు."

ఒక్కొక్కటే తుడిచి, చూసి, మళ్లీ పెట్టెలో పెడుతూ వచ్చాడు. నేను పక్కన కూచుని అడుగుతూ వచ్చాను. స్టెప్నీ, జాకీ, వీల్ స్పానరు ఎలాగూ వుంటాయి. "నట్లు బిగుసుకుపోతే చేతి బలం చాలదబ్బాయ్" అంటూ స్పానరుకి తొడిగే మూడడుగుల గొట్టం ఒకటి చూపించాడు. ఫ్యాన్ బెల్టు. అది తెగితే నీళ్ల పంపు తిరగదు, నిమిషాల మీద ఇంజను కాగిపోతుంది. రేడియేటర్ రబ్బరు గొట్టం ఒకటి, దానికి క్లిప్పులు నాలుగు. డీజిల్ ఫిల్టరు ఒకటి. ఏజెన్సీలో డబ్బాల్లో పోసిన డీజిల్ కొట్టించవలసి వస్తే, అందులో నీళ్లుంటే, ఫిల్టరు మార్చక తప్పదు. బ్రేకు గాలి గొట్టం ఒకటి. బల్బులు, ఫ్యూజులు, నల్ల టేపు, కట్టుతీగ ఒక చుట్ట. కమాను కట్టకి సెంటర్ బోల్టులు రెండు. ఇంజనాయిలు డబ్బా, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, గడ్డపార, పార, మోకు.

వీటి మధ్యలో బట్టల సబ్బు బిళ్ల కనబడింది. "స్నానానికా?" అని నవ్వాను.

"డీజిల్ టాంకుకి రాయి తగిలి సన్నగా చిల్లి పడిందనుకో, పొడి సబ్బు గట్టిగా రుద్దితే ఆగుద్ది. సబ్బు నీళ్లలో కరుగుద్ది గానీ డీజిల్లో కరగదు. ఊరు చేరిందాకా చాలు."

ఏది పెట్టాలో, ఏది అక్కర్లేదో ఎలా తెలుస్తుందని అడిగాను. ఆయన లెక్క మూడే ముక్కల్లో వుంది. ఇది పోతే బండి కదలకుండా ఆగిపోతుందా? దారిలో దొరకనిదా? దొరికినా దొరక్కపోయినా, దీన్ని నా చేత్తో నేను వెయ్యగలనా? మూడింటికీ అవునంటేనే పెట్టెలోకి. గేరుబాక్సు పళ్లు పోతే బండి ఆగుతుంది, నిజమే. కానీ చెట్టు కింద కూచుని వాటిని మార్చలేం కాబట్టి మొయ్యడం దండగ. అద్దం పగిలితే బండి ఆగదు కాబట్టి రెండో అద్దం అక్కర్లేదు. ఇప్పటి కొత్త లారీల్లో సెన్సార్లు, కంప్యూటర్లు వచ్చి ఆ మూడో ప్రశ్న దగ్గరే డ్రైవర్లు చేతులెత్తేయవలసి వస్తోందట. తన పాత బండిని ఆయన అమ్మకపోవడానికి అదో కారణం.

అన్నీ సర్దాక ఒక గోతం మిగిలింది. అందులో రెండు తుమ్మచెక్క దిమ్మలు. జానెడు మందం, మూరెడు పొడుగు, గ్రీజు పట్టి నల్లగా వున్నాయి. బాబాయ్ భోజనానికి లోపలికి వెళ్లాడు. నా ఎయిర్‌బ్యాగు పెట్టడానికి క్యాబిన్లో చోటు చాలలేదు. బ్యాగులో ఏమున్నాయంటారా? నాలుగు ఇస్త్రీ చొక్కాలు, సెంటు సీసా, హీరోయిన్‌గారు పలకరిస్తే వేసుకుందామని కొన్న కొత్త బూట్లు. మూడు ప్రశ్నల పరీక్షలో ఒక్కటీ నెగ్గదు. అయినా సరే, ఆ చెక్కల గోతం తీసి బాబాయ్ ఇంటి అరుగు మీద పెట్టేశాను. కట్టెలేగా, అడవిలో కట్టెలకేం కొదవ అనుకున్నాను!

* * *

రాత్రంతా ప్రయాణం. నాలుగు గంటలవేళ మారేడుమిల్లి దాటి, తారు రోడ్డు వదిలి మట్టి దారి పట్టాం. అంతకుముందు రోజు వానపడిందట. వాగు పక్క ఎర్రమట్టి వెన్నలా వుంది. ఒక గుంటలో ముందు చక్రం దబ్బున దిగి లేచింది. ఆ తర్వాత స్టీరింగు తిన్నగా పట్టుకున్నా లారీ ఎండ్రకాయలా పక్కవాటుగా నడవసాగింది.

బాబాయ్ టార్చి వేసి చూసి, "సెంటర్ బోల్టు తెగింది" అన్నాడు.

కమాను కట్టలోని పట్టీలన్నిటినీ కలిపి గుచ్చేది ఈ బోల్టే. దాని తల ఇరుసు మీది గుంటలో కూచుని, ఇరుసుని కదలకుండా పట్టుకుంటుంది. వేలెడంత వుంటుంది. అది తెగితే ఇరుసు జరిగిపోతుంది, చక్రం వంకర తిరుగుతుంది. అదృష్టం, మన దగ్గర రెండున్నాయి. జాకీతో చాసిస్ ఎత్తి, యు బోల్టులు వదులు చేసి, కొత్తది గుచ్చి బిగిస్తే గంటన్నర పని.

"దిమ్మలు తియ్యి రా" అన్నాడు క్లీనరు కుర్రాడితో.

ఆ కుర్రాడు వెతికాడు. మళ్లీ వెతికాడు. నాకు నోట తడారిపోయింది.

"బాబాయ్... అవి... ఇంటి దగ్గర అరుగు మీద..."

ఆయన ఏమీ అనలేదు. ఒక తిట్టు తిట్టినా బాగుండును!

జాకీ కింద చెక్క లేకపోతే ఏమవుతుందో అప్పుడు చూశాను. లారీ పైకి లేవడం లేదు, జాకీయే మెత్తటి మట్టిలోకి దిగిపోతోంది! యూనిట్ వంటమనిషి ఇచ్చిన గుండిగ మూత బోర్లించి దాని మీద పెట్టాం. మూతకి సొట్ట పెట్టి, దాన్ని కూడా కిందికి తీసుకుపోయింది. అడవిలో కట్టెలకి కొదవా అన్నానే, దొరికినవన్నీ నానిన పుల్లలు. నిలబడి వున్న చెట్టు జోలికి పోరాదు. సెల్లులో సిగ్నల్ లేదు. ఏడు గంటలకి ఎనభై మందికి టిఫిను పెట్టవలసిన గిన్నెలు మా దగ్గరే వున్నాయి.

చివరికి వాగులోంచి ఒక బల్లపరుపు రాయి మోసుకొచ్చాం. జాకీ నిలబడింది. లారీ లేచింది. "అబ్బ!" అనుకున్నాను. క్లీనరు కుర్రాడు యు బోల్టు వదులు చేద్దామని చెయ్యి లోపలికి పెట్టాడు. వాడికి పంతొమ్మిదేళ్లు వుంటాయేమో. టక్‌మని చిన్న చప్పుడు వినబడింది. బాబాయ్ వాడి చొక్కా కాలరు పట్టి ఒక్క గుంజు గుంజాడు. వాడు వెల్లకిలా బురదలో పడ్డాడు. రాయి రెండుగా పగిలింది, జాకీ పక్కకి తన్నుకుపోయింది, లారీ ముందు భాగం దభీమని కిందికి కూలబడింది. ఒక్క క్షణం ముందు వాడి చెయ్యి వున్నది సరిగ్గా అక్కడే!

మోచెయ్యి గీసుకుపోయి రక్తం వచ్చింది. అంతే. "ఏం కాలేదు అన్నా" అని వాడు నన్నే ఓదార్చాడు. నా కొత్త చొక్కా ఒకటి చింపి కట్టు కట్టాను. ఆ బ్యాగులో ఆ రోజు పనికొచ్చింది అదొక్కటే.

* * *

తెల్లవారేదాకా దారి పక్కన కూచున్నాం. నాకు క్లూజో తీసిన 'వేజెస్ ఆఫ్ ఫియర్' గుర్తొచ్చింది. 1953లో కాన్స్‌లోనూ బెర్లిన్‌లోనూ పెద్ద బహుమతి కొట్టిన ఫ్రెంచి సినిమా. మంటలంటుకున్న చమురు బావిని ఆర్పడానికి నలుగురు మనుషులు రెండు లారీల్లో నైట్రోగ్లిజరిన్ తీసుకుపోతారు. కాస్త కుదిపితే పేలిపోయే సరుకు. ఒక కొండ మలుపులో లారీని వెనక్కి నడిపించి పుచ్చిన చెక్కల వేదిక మీదికి ఎక్కించాలి. హాల్లో జనం ఊపిరి బిగబట్టేది బాంబుని చూసి కాదండీ, ఆ చెక్కల్ని చూసి! ఆ కథనే మళ్లీ 1977లో ఫ్రీడ్‌కిన్ 'సార్సరర్' పేరుతో తీశాడు. అందులో బయల్దేరే ముందు ఆ మనుషులు పాడుబడిన లారీల్లోంచి పనికొచ్చే భాగాలు ఏరుకుని తమ బళ్లు తామే తయారుచేసుకుంటారు. ఇన్నాళ్లూ ఆ సీను వస్తే ఎప్పుడు అయిపోతుందా అని చూసేవాణ్ణి. అసలు సినిమా అక్కడే వుందని ఆ తెల్లవారుజామున తెలిసింది.

అయిదున్నరకి వెదురు లోడుతో ఒక లారీ ఎదురొచ్చింది. ఆ డ్రైవరు దిగి చూశాడు, ఏమీ అడగలేదు. సీటు వెనక నుంచి రెండు చెక్క దిమ్మలు తీసి బాబాయ్ చేతిలో పెట్టాడు. మూడోది చక్రానికి అడ్డం పెట్టాడు. తనే లుంగీ ఎగగట్టి మాతోపాటు బురదలో కూచున్నాడు. గంటలో పని అయింది. నేను అయిదువందల నోటు తియ్యబోతే, దాని వంకైనా చూడకుండా బాబాయ్‌తో అన్నాడు: "దిమ్మలు మీ దగ్గరే వుంచుకోండన్నా. ముందు దారి బాలేదు. ఇంకెవరన్నా ఆగిపోతే ఇయ్యండి."

గిన్నెలు ఎనిమిదింటికి చేరాయి. ప్రొడక్షన్ మేనేజరు పెట్టిన చీవాట్లు బాబాయ్ తలవంచుకుని పడ్డాడు. నా పేరు చెప్పలేదు. షూటింగు చూశానా అంటే చూశాను. ఏం సీను తీశారో ఇప్పుడు గుర్తు లేదు.

తిరుగు ప్రయాణంలో ధైర్యం తెచ్చుకుని, "తప్పంతా నాదే బాబాయ్" అన్నాను.

"సగమే నీది" అన్నాడు. "యు బోల్టులు వదులైతేనే సెంటర్ బోల్టు తెగుద్ది. వారం ముందే బిగించాల్సింది, రేపు రేపని వదిలేశా. రాయి మీద జాకీ పెట్టి వాణ్ణి లోపలికి పోనిచ్చింది కూడా నేనే. ఆ సగం నాది."

రంపచోడవరం ఇవతల ఒక సర్వీసు జీపు ఆగిపోయి వుంది. రేడియేటర్ గొట్టం పగిలి ఆవిర్లు కక్కుతోంది. లోపల ఒక ముసలాయన జ్వరంతో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఆస్పత్రికి తీసుకుపోతున్నారట. బాబాయ్ తన కొత్త గొట్టం కోసి జీపుకి తొడిగి, రెండు క్లిప్పులు బిగించి, క్యానులో నీళ్లు పోసి పంపించాడు. మరి మనకి? అన్నట్టు చూశాను.

"సగం మనకి, సగం దారికి" అన్నాడు, స్వామి పానకం లెక్క చెప్పినట్టు.

* * *

మంగళగిరి చేరగానే అరుగు వైపు పరిగెత్తాను. గోతం వుంది, దిమ్మలు లేవు. పిన్ని నీళ్ల కాగు కిందకి పెట్టేసింది! "బాగా మండినాయి అబ్బాయ్, ఎక్కడివి?" అని అడిగింది కూడాను. మర్నాడే సామిల్లుకి వెళ్లి నాలుగు తుమ్మదిమ్మలు కోయించుకొచ్చాను. రెండు మా బండికి, రెండు దారికి. క్లీనరు కుర్రాడు ఇప్పుడు లైసెన్సు తీసుకుని వేరే లారీ నడుపుతున్నాడు. వాడి మోచేతి మీద ఆ గీత ఇంకా వుంది. కనబడినప్పుడల్లా నా చూపు ముందు అక్కడికే పోతుంది.

సెలవులకి కార్లలో, జీపుల్లో అడవులకి బయల్దేరే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నాదో మనవి. పాటలు, స్పీకర్లు, చలవ కళ్లద్దాలు అన్నీ పెట్టుకోండి. వాటితోపాటు జాకీ కింద పెట్టడానికి ఒక మందపాటి చెక్క, చక్రాలకి అడ్డం పెట్టడానికి రెండు ముక్కలు, మోకు, క్యానులో నీళ్లు కూడా పెట్టుకోండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద చెయ్యి గానీ తల గానీ పెట్టకండి. ఎవరి సామాను అయినా సరే, అదెందుకో అడగకుండా తీసి అరుగు మీద పెట్టకండి.

అదండీ సంగతి. ఈసారి తెర మీద లారీ కనబడితే మీరు హీరోని చూడండి. నేను మాత్రం సీటు కిందికే చూస్తుంటాను. వచ్చేవారం మళ్లీ కలుద్దాం!