ఆగిపోయింది లినక్స్ కాదు, హార్డ్‌డిస్క్: "మనకు కాదు" అనే అన్నలకు జవాబు

పోస్టు కొంచెం పొడుగే. తీరిక ఉన్నప్పుడే చదవండి గానీ, చదవకుండా మాత్రం కామెంట్ పెట్టొద్దండి.

మన తాండా కంప్యూటర్లో లినక్స్ ఎక్కిస్తుంటే సగంలో ఆగిపోయిందని ఫొటో పెట్టినాం. దాని కింద ఏమేం వచ్చినాయో అందరూ చూసినారు. "ముందే చెప్పినాం కదా." "ఊరికే వచ్చేదానికి అంతే విలువ." "మూడు నూర్లు పారేస్తే షాపాయన గంటలో విండోస్ వేసిస్తాడు, ఎందుకప్పా ఈ తలనొప్పి." ఇంతవరకు పర్వాలేదు. ఆఖరున ఒక అన్న "అవన్నీ బెంగళూరు సాఫ్ట్‌వేరోళ్లకు, మనకు కాదు" అన్నాడు. దానికి ముప్పై మంది దండం బొమ్మలు పెట్టినారు. మాకు కాలింది అక్కడే.

"మనకు కాదు" అనే మాట మనకు కొత్త కాదు. ఇంగ్లీషు మీడియం మీకెందుకు, ఇంజనీరింగు మీకెందుకు, గ్రూప్స్ మీకెందుకు అని బయటోళ్లు అన్నప్పుడల్లా ఇదే గ్రూపులో కోట్లాడినాం. ఇప్పుడు ఒక ఎర్రర్ చూసి మనంతట మనమే అనుకుంటాండాం. ఆ ఎర్రర్ ఏం చెప్పిందో చదివినోళ్లు ఆ ముప్పై మందిలో ఒక్కరూ లేరు. మా కొట్లాట దాని మీదే.

ముందు కంప్యూటర్ సంగతి. అది ఏదో ఆఫీసులో తీసేసిన పాత డెస్క్‌టాప్. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. చందాలు వేసుకుని కర్నూల్లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. అందులో విండోస్ 10 ఉండేది. దానికి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 చిప్ కావాలంటారు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటారు. అంటే బాగా పనిచేసే యంత్రాన్ని కూడా పక్కన పడేసి కొత్తది కొనాలి. లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం 2 జీబీ ర్యామ్‌తోనే నడుస్తుంది, 4 ఉంటే సాఫీగా పోతుంది. అందుకే దాన్ని ఎంచుకున్నాం. ఇందులో సిద్ధాంతం ఏమీ లేదు, జేబు లెక్క.

ఆ హార్డ్‌డిస్క్‌లో ఏముందో కూడా చెప్పాల. అరవై డెబ్బై మంది పిల్లల కుల, ఆదాయ సర్టిఫికెట్లు, టీసీలు, మార్కుల లిస్టులు, అన్నీ స్కాన్ చేసి పెట్టినవి. స్కాలర్‌షిప్ అప్లికేషన్ వచ్చినప్పుడల్లా సచివాలయానికీ నెట్ సెంటర్‌కూ తిరగకుండా అక్కడి నుంచే తీసుకుంటాండారు. ఇంకో ఫోల్డర్‌లో అవ్వల పాటలు. తీజ్ పాటలు, పెళ్లికూతురు ఏడుస్తూ పాడే ఢావ్లో, రెండు ఎండాకాలాలు కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసినవి. మన గోర్‌బోలికి సొంత లిపి లేదు కాబట్టి పక్కనే తెలుగు అక్షరాల్లో రాసిపెట్టిన ఫైళ్లు కూడా ఉన్నాయి.

ఇక ఆ ఫొటో. ఎక్కించే పని సగం దాటినాక ఒక పెట్టె వచ్చింది, ఎర్‌నో 5, ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ అని. దాని కిందనే నాలుగైదు లైన్ల ఇంగ్లీషు ఉంది. సీడీ గానీ హార్డ్‌డిస్క్ గానీ చెడిపోతే తరచుగా ఇట్ల వస్తుంది, సీడీ తుడిచి చూడండి, హార్డ్‌డిస్క్ పాతదై మార్చాల్సి వచ్చిందేమో చూడండి, లేదంటే కంప్యూటర్‌ను చల్లటి చోటికి మార్చండి అని దాని భావం. ఎండాకాలం డోన్, పత్తికొండ పక్కన చల్లటి చోటు యాడుందో ఆ రాసినాయనకే తెలియాల. అది పక్కన పెడితే, జవాబు ఫొటోలోనే ఉంది. మనం కామెంట్లలో వెతికినాం.

జవాబు నాలుగు చోట్ల ఉండొచ్చు కాబట్టి ఒక్కోటీ తీసేసుకుంటూ పోయినాం. మొదట డౌన్‌లోడ్ చేసిన ఫైలు. దాదాపు 3 జీబీ ఫైలు ఫోన్ హాట్‌స్పాట్ మీద దించినది, మధ్యలో సిగ్నల్ పోతే విరిగిపోయి ఉండొచ్చు. దీనికి షా-256 అనే లెక్క ఉంది. ఫైలు తయారుచేసినోళ్లు వాళ్ల సైట్‌లో ఒక పొడుగాటి అంకె పెడతారు, మన దగ్గరున్న ఫైలుకు అదే లెక్క కట్టి చూడాల. స్టోర్ బియ్యం ఇంటికొచ్చినాక మళ్లీ తూకం వేసుకుంటాం కదా, అట్లాంటిదే. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ ఫైలు పనికిరాదు. మాకు సరిపోయింది.

తర్వాత పెన్‌డ్రైవ్. వేరేది తెచ్చి మళ్లీ రాసినాం, మళ్లీ ఆగింది. ఈసారి ఆగిన వెంటనే టెర్మినల్ తెరిచి సుడో అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, డీ, ఎం, ఈ, ఎస్, జీ అనే ఐదు అక్షరాలు కొట్టినాం. లోపల కెర్నల్ రాసుకునే దినచర్య అంతా బయటికొచ్చింది. అందులో స్క్వాష్ఎఫ్ఎస్ ఎర్రర్ అని ఉంటే తప్పు చాలావరకు పెన్‌డ్రైవ్‌ది, లేదా అందులోని ఫైలుది. ఐ/ఓ ఎర్రర్ అని ఉండి పక్కన ఎస్‌డీఏ అని ఉంటే మా యంత్రంలో అది హార్డ్‌డిస్క్. ఎస్‌డీబీ అంటే పెన్‌డ్రైవ్. ఒక్కో కంప్యూటర్లో ఈ పేర్లు తారుమారు అవుతాయి, డిస్క్ సైజు చూసి ఖాయం చేసుకోవాల. మాకు వరసగా ఎస్‌డీఏ, ఎస్‌డీఏ, ఎస్‌డీఏ.

అయినా ర్యామ్‌ను కూడా వదల్లేదు. సీపీయూ డబ్బా విప్పితే లోపల నాపరాయి పాలిష్ దుమ్ము పిడికెడు. బేతంచెర్ల దారిలో ఉండేటోళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. బ్రష్‌తో దులిపి, ర్యామ్ తీసి దాని పసుపు గీతలను రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టి, బూట్ మెనూలో ఉండే మెమరీ టెస్ట్‌ను రాత్రంతా నడిపినాం. కరెంటు పోకుండా ఉండడమే అదృష్టం. తెల్లారి చూస్తే ఒక్క తప్పూ లేదు.

ఇక మిగిలింది డిస్క్. లినక్స్‌ను ఎక్కించకుండానే పెన్‌డ్రైవ్ మీద నడిపించొచ్చు, అట్ల నడిపినప్పుడు మెనూలో డిస్క్స్ అనే ప్రోగ్రాం ఉంటుంది. అందులో స్మార్ట్ డేటా తెరిస్తే హార్డ్‌డిస్క్ తన ఆరోగ్యం తానే రాసి పెట్టుకున్న పట్టిక వస్తుంది. డాక్టరు రాసే రక్తపరీక్ష కాగితం మాదిరి. అందులో 5వ నంబరు, పాడైపోయి ఇప్పటికే పక్కన పెట్టేసిన సెక్టార్లు. 197, చదవలేక అనుమానంలో పెట్టిన సెక్టార్లు. 198, పరీక్షలో కూడా చదవలేకపోయినవి. 199 పెరుగుతుంటే తప్పు డిస్క్‌ది కాదు, చాలావరకు కేబుల్‌ది, తక్కువ ఖర్చుతో పోతుంది. మాకు 199 సున్నా. 197 దగ్గర మూడు నూర్లు దాటింది. డిస్క్ చావుబతుకుల్లో ఉంది.

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. ఈ డిస్క్ రాత్రికి రాత్రి చావలేదు. రెండేళ్లలో ఇదే కంప్యూటర్ స్లో అయిందని నాలుగుసార్లు షాపుకు పోయింది. నాలుగుసార్లూ "వైరస్ వచ్చింది" అన్నారు, ఫార్మాట్ కొట్టినారు, డబ్బులు తీసుకున్నారు. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఫైళ్లు నాలుగుసార్లూ పోయినాయి. షాపాయన మోసగాడని మేం అనడం లేదు. ఆయనకూ రోజుకు ఇరవై డబ్బాలు వస్తాయి, ఫార్మాట్ కొడితే ఒక నెల నడుస్తుంది, కస్టమర్ సంతోషం. కానీ ఆ పట్టిక తెరవడానికి రెండు నిమిషాలు చాలు. తెరిచి చూపించమని అడగొచ్చనే సంగతే మనకు ఎవరూ చెప్పలేదు. లినక్స్ మాత్రం "ఈ డిస్క్ మీద నేను రాయలేను" అని ఆగి, ఎందుకో రాసి చూపించింది. అట్లాంటిదానిమీద "అంతే విలువ" అని నవ్వు బొమ్మలు పెట్టినాం.

డిస్క్ సంగతి తెలిసిన వెంటనే ఎక్కించే పని ఆపేసి, పెన్‌డ్రైవ్ లినక్స్ మీద నుంచే ఫైళ్లన్నీ ఇంకో డిస్క్‌కు కాపీ చేసినాం. మొండికేసిన వాటికి డీడీరెస్క్యూ అని ఒకటుంది, చదవగలిగిన భాగాలు ముందు తీసుకుని కష్టమైనవాటికి మళ్లీ మళ్లీ వస్తుంది. సర్టిఫికెట్లు అన్నీ వచ్చినాయి. పాటల్లో రెండు రాలేదు. ఆ రెండూ పాడిన అవ్వ పోయిన సంక్రాంతికి ముందే చనిపోయింది.

"మూడు నూర్లు పారేస్తే అయిపోతుంది" అన్న అన్నకు మా జవాబు ఇదే. ఐదోసారి కూడా ఫార్మాట్ కొట్టించి ఉంటే ఆ డిస్క్ మీద మళ్లీ కొత్త రాతలు పడేవి, మిగిలిన పాటలూ సర్టిఫికెట్లూ కూడా దాంతోనే పోయేవి. పైగా ఆ మూడు నూర్ల విండోస్ ఏం విండోస్? లైసెన్స్ లేనిది. దాన్ని యాక్టివేట్ చేసే దొంగ ప్రోగ్రాం నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. అదే కంప్యూటర్లో మన పిల్లలు ఆధార్ నంబర్, బ్యాంకు పాస్‌బుక్ ఎక్కిస్తాండారు. ఇది చౌక అని ఎట్ల అంటాం?

మన తాతలు భూమి కాగితాల మీద వేలిముద్రలు వేసినారు. అందులో ఏముందో చదివి చెప్పినోడు చెప్పిందే నిజం. రద్దయ్యేదాకా నేరస్త తెగల చట్టం కింద యెరుకల పెద్దల మీద రిజిస్టర్లు నడిచినాయి, ఆ రిజిస్టర్లలో ఏం రాసుకున్నారో వాళ్లకు చదివి వినిపించినోళ్లు ఎవరు? మనం చదువుకున్నదే ఆ పరిస్థితి మారాలని. డిగ్రీలు, బీటెక్‌లు చేసి, స్క్రీన్ మీద నాలుగు లైన్లు వస్తే చదవకుండా ఓకే నొక్కి షాపుకు మోసుకుపోతే, ఆ వేలిముద్రకూ ఈ ఓకేకూ ఏం తేడా?

లినక్స్ ప్రచారం చేసే పెద్దమనుషులను కూడా వదలం. ఆదివారం కాలేజీకి వస్తారు, పది ల్యాప్‌టాపుల్లో ఎక్కిస్తారు, స్టిక్కర్లు పంచుతారు, ఫొటో దిగుతారు, పోతారు. సోమవారం వైఫై రాకపోతే అడగడానికి మనిషి ఉండడు. ఆన్‌లైన్‌లో అడిగితే "ముందు మాన్యువల్ చదువు" అని ఇంగ్లీషులో కసురుతారు. స్వేచ్ఛ సంస్థ వాళ్లు, ఇంకా ఎందరో వలంటీర్లు మెనూలను తెలుగు చేసినారు, పోతన, వేమన ఫాంట్లు, తెలుగు కీబోర్డులు లినక్స్‌లో ఉన్నాయి. ఆ కష్టానికి దండం. కానీ యంత్రం బాగున్నప్పుడు తెలుగులో పలకరించి, చెడిపోయినప్పుడు ఇంగ్లీషులో అరిస్తే పల్లె పిల్లోడికి ఏం లాభం? కేరళ సర్కారు బడుల్లో ఏళ్ల తరబడి పిల్లలు లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. అక్కడ టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చినారు, మలయాళంలో పుస్తకాలు వేసినారు, వెనక కైట్ అని ప్రభుత్వ సంస్థే నిలబడింది. మలయాళీ పిల్లలేం వేరే మెదడుతో పుట్టలేదు.

విండోస్ పాపమని మేం అనడం లేదు. ట్యాలీ, ఆటోక్యాడ్ నేర్చుకునేటోళ్లకు, కొన్ని ఆన్‌లైన్ పరీక్షలు రాసేటోళ్లకు అది కావాల. అట్లాంటోళ్లు దాన్ని ఉంచుకోండి, కావాలంటే పక్కనే లినక్స్ పెట్టుకోండి. కాకపోతే ఎక్కించేటప్పుడు "ఎరేజ్ డిస్క్" అనే వరుస కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి. అది డిస్క్ మొత్తం తుడిచేస్తుంది, సీ డ్రైవ్ ఒక్కటే కాదు. ఏది ఎక్కించినా ముందు ఫైళ్లు ఇంకో చోట కాపీ ఉండాల్సిందే.

మన కంప్యూటర్ ఇప్పుడు నడుస్తోంది. చందాతో చిన్న ఎస్‌ఎస్‌డీ కొని పెట్టినాం, అరగంటలోపే ఎక్కింది. రీస్టార్ట్ చేస్తే బూట్ అయ్యే డిస్క్ లేదని మళ్లీ నల్ల స్క్రీన్. అది పది నిమిషాల పని. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. బయోస్ ఏ పద్ధతిలో ఉందో పెన్‌డ్రైవ్‌ను కూడా అదే పద్ధతిలో తెరిచి ఎక్కించాల. మన బయోస్ యూఈఎఫ్ఐలో ఉంది, ఆ వరుస నుంచి మళ్లీ ఎక్కిస్తే సరిపోయింది. ఐ3 అదే, ర్యామ్ అదే. ఇంటర్ పిల్లలు వచ్చి "కొత్తది కొన్నారా అన్నా" అని అడుగుతాండారు.

సుగాలి, యెరుకల, యానాది, చెంచు, ఎవరి ఇంట్లో ఎర్రర్ వచ్చినా గ్రూపులో పెట్టండి, ఒక్కోదానికి తెలుగులో అర్థం రాసి ఒక ఫైలు తయారుచేస్తాండాం. ఇప్పటికి పదకొండు అయినాయి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో, కర్నూలు, కడప ఇంజనీరింగు కాలేజీల్లో ఉండే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఓఎస్ ల్యాబులో ఈ కమాండ్లే రాసి పాసవుతాండారు, వాళ్లు కూడా తలా రెండు రాయండి. ఒక్కటే షరతు. ఫొటో తీసేటప్పుడు స్క్రీన్ మొత్తం, అన్ని లైన్లూ వచ్చేటట్టు తీయండి. ఓకే నొక్కి మూసేసినాక "ఏదో ఎర్రర్ వచ్చిందన్నా" అంటే మేం కూడా ఏం చెప్పలేం.