గ్రౌండు ఉంది, ఆడించేవారేరీ?

గంజాయి రవాణా, కల్తీ కల్లు, ఆన్‌లైన్ బెట్టింగ్, కొట్లాట కేసుల వైపు జారిపోతున్న పల్లె యువతను నిలబెట్టగల శక్తి ఊరి ఆటకు ఉంది. అయితే మైదానానికి స్థలం చూపి, వాలీబాల్ కిట్టు పంచినంత మాత్రాన ఆ శక్తి పనిచేయదు. రోజూ సాయంత్రం పిల్లలను పోగుచేసి ఆడించే మనిషి కావాలి. ఎవరు రాలేదో గమనించి, ఎందుకు రాలేదో ఇంటికి వెళ్లి అడిగే మనిషి కావాలి. ఆ మనిషి ఆ ఊరివాడో, ఆ ఊరి అమ్మాయో అయి ఉండాలి, అందుకు తగిన శిక్షణ పొంది ఉండాలి. సంగారెడ్డి జిల్లా ఝరాసంగం మండలంలో ప్రభుత్వం ఈ పనిని వెంటనే మొదలుపెట్టాలి.

ఝరాసంగం పేరు చెప్పగానే కేతకీ సంగమేశ్వరాలయం గుర్తుకొస్తుంది. శివరాత్రికి కర్ణాటక నుంచి కూడా భక్తులు తరలివచ్చే క్షేత్రం అది. కానీ ఈ ప్రాంతానికి మరో భౌగోళిక వాస్తవం కూడా ఉంది. హైదరాబాద్ నుంచి పుణె వెళ్లే 65వ జాతీయ రహదారి పక్కనే జహీరాబాద్ మీదుగా సాగుతుంది. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లో పండిన గంజాయి మహారాష్ట్రకు చేరే దారుల్లో ఇదొకటి. చిరాగ్‌పల్లి చెక్‌పోస్టు దగ్గర సరుకు పట్టుబడిన వార్తలు పత్రికల్లో కొత్త కాదు. ఇలాంటి వ్యాపారంలో అసలు యజమాని బండి ఎక్కడు. సంచి మోసేందుకు, ముందు వెళ్లి పోలీసులున్నారో లేదో చూసి ఫోన్ చేసేందుకు పని లేని కుర్రాళ్లను వెతుక్కుంటాడు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. శిక్ష కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు. కొద్దిపాటి డబ్బుకు ఆశపడి సంచి ఎత్తుకున్న పంతొమ్మిదేళ్ల కుర్రాడు బయటికొచ్చేసరికి ముప్పైకి దగ్గరపడతాడు.

భూమి పరిస్థితి కూడా మారిపోయింది. జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక జోన్ (నిమ్జ్) కోసం న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో సుమారు 12,600 ఎకరాలు గుర్తించారు. భూమి పోయిన ఇంట్లో తండ్రికి సేద్యం లేదు, కొడుక్కి ఫ్యాక్టరీ ఉద్యోగం ఇంకా రాలేదు. ఈ మధ్యకాలం కొన్ని కుటుంబాలకు ఏళ్ల తరబడి సాగుతోంది. చేతిలో ఫోను, సాయంత్రమంతా ఖాళీ, పలకరించే పెద్ద దిక్కు లేకపోవడం: యువకుడు తప్పుడు సావాసంలో పడడానికి ఇంతకంటే అనుకూలమైన పరిస్థితి ఉండదు. అందుకే బడి వదిలిన తర్వాత, చీకటి పడేలోపు గడిచే ఆ రెండు మూడు గంటలు ఎంతో కీలకం.

రాష్ట్రం ఈ అవసరాన్ని గుర్తించలేదని చెప్పడం అన్యాయం. 2022 జూన్ 2న తెలంగాణ క్రీడా ప్రాంగణాల పథకం మొదలైంది. ఊరూరా స్థలం చూసి కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ కోర్టులు గీశారు, వ్యాయామానికి ఇనుప బార్లు పాతారు, స్వాగత బోర్డు నిలబెట్టారు. చాలాచోట్ల ఇప్పుడు ఆ బోర్డు ఒక్కటే కనిపిస్తుంది, వెనక పిచ్చిచెట్లు పెరిగాయి. ఊరికి దూరంగా, గుట్ట పక్కన, శ్మశానం దారిలో దొరికిన స్థలాన్నే మైదానమన్నారు. ఆడించే మనిషిని మాత్రం నియమించలేదు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు చూసుకుంటాడనుకుందామంటే, 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే పీఈటీలవి 182. సీఎం కప్ వంటి పోటీలు ప్రతిభను వెలికితీస్తాయి, కాదనలేం. కానీ పోటీకి వచ్చేవాడు అప్పటికే ఆడుతున్నవాడు. దారి తప్పేవాడు జట్టులోకే రాడు.

ఆట ఆడితే చాలు, యువత బాగుపడుతుందన్న నమ్మకం కూడా సరికాదు. ఇందుకు దక్కన్‌లోనే సాక్ష్యం ఉంది. ఈ సరిహద్దు ప్రాంతపు జాతరల్లో నేటికీ కుస్తీ పోటీలు జరుగుతాయి, గెలిచిన పహిల్వాన్‌కు వెండి కడియం తొడుగుతారు. ఆ కుస్తీకి పునాది తాలీం అనే శిక్షణశాల. అక్కడ ఉస్తాద్ మాటే చట్టం. తెల్లవారుజామునే లేవాలి, తాగకూడదు, మట్టికి మొక్కి దిగాలి, ఓడినవాడు గెలిచినవాడిని కౌగిలించుకోవాలి. మంచి ఉస్తాద్ దగ్గర పెరిగిన కుర్రాడు బలాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్చుకున్నాడు. అదే హైదరాబాద్‌లో కొందరు పహిల్వాన్లు ఆ బలాన్నే భూతగాదాల సెటిల్‌మెంట్లకు అమ్ముకున్నారు. ఆట ఒకటే, మట్టి ఒకటే. తేడా తెచ్చింది ఎదురుగా నిలబడి నేర్పిన మనిషి. క్రికెట్ మ్యాచ్ పందేలకు, కబడ్డీ కోర్టు వాడల మధ్య పాత పగలకు వేదికలైన ఊళ్లు కూడా లేకపోలేదు. శిక్షణ లేని నాయకుడి చేతిలో ఆట నేరాన్ని తగ్గించకపోగా గుంపును తయారుచేసి పెట్టవచ్చు.

బయటి ప్రపంచపు అనుభవం కూడా ఇదే. ఐస్‌లాండ్‌లో 1998లో జరిపిన సర్వేలో అంతకు ముందు నెలలో మత్తెక్కేదాకా తాగామన్న 15, 16 ఏళ్ల పిల్లలు 42 శాతం. 2016 నాటికి అది 5 శాతానికి దిగింది. తల్లిదండ్రుల ఒప్పందాలు, రాత్రిపూట బయట తిరగడంపై ఆంక్షలు ఇందుకు తోడ్పడ్డాయి. వాటితో పాటు శిక్షకులున్న క్రీడా క్లబ్బులకు ప్రభుత్వం ఏటా నిధులిచ్చింది, పిల్లల రుసుముకూ సాయం చేసింది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల, నేరాల కార్యాలయం నడిపిన ‘లైనప్ లివ్ అప్’ కార్యక్రమం కూడా ముందు శిక్షకులను తయారుచేసి, తర్వాతే పిల్లలను మైదానంలోకి దించింది. అందులో ప్రతి ఆట వెనుక ఒక జీవన నైపుణ్యం ఉంటుంది: ఒత్తిడిని తట్టుకోవడం, స్నేహితుడి బలవంతానికి ‘వద్దు’ అనగలగడం.

ఝరాసంగంలో అవసరమైన శిక్షణకు పెద్ద అకాడమీ అక్కర్లేదు. ప్రతి పంచాయతీ నుంచి 18 నుంచి 25 ఏళ్లలోపు ఒక యువకుడు, ఒక యువతి చాలు. వాళ్లు గొప్ప క్రీడాకారులు కానక్కర్లేదు. పదో తరగతి తప్పినా ఫర్వాలేదు. పిల్లలు వాళ్ల మాట వినాలి, వాళ్లు అన్ని వాడల్లోకీ వెళ్లగలగాలి. ఆట నియమాలు, ప్రథమ చికిత్స నేర్పడం ఒక భాగం. గొడవ మొదలైనప్పుడు చెయ్యెత్తకుండా ఆపడం, దళిత వాడ పిల్లలనూ పెద్ద ఇళ్ల పిల్లలనూ ఒకే జట్టులో కలపడం, కల్లులో కలిపే అల్ప్రాజోలం వంటి మత్తు లక్షణాలను పోల్చుకోవడం, తన వల్ల కానిది ఎప్పుడు ఎవరికి అప్పగించాలో తెలుసుకోవడం అంతకంటే ముఖ్యం. పిల్లల సహాయానికి 1098, మత్తు నుంచి బయటపడేందుకు 14446 నంబర్లు ఉన్నాయి. వాటిని సమయానికి వాడే మనిషి ఊళ్లో ఉండాలి.

యువతి ఉండి తీరాలన్న షరతును సడలించకూడదు. మగ శిక్షకుడొక్కడే ఉంటే పెద్దపిల్ల అయిన మరునాటి నుంచి ఆడపిల్ల మైదానానికి రాదు, ఇంట్లోవాళ్లు పంపరు. మైదానం ఊరి మధ్య లేకపోతే బడి ఆవరణలోనే ఆడించాలి, అక్కడ వీధి దీపం వేయాలి.

పల్లెవాళ్లకు ఇంత బాధ్యత సాధ్యమా అని సందేహించే అధికారులు ఇదే మండలంలోని మాచ్‌నూర్ వెళ్లి చూడాలి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో అక్కడ 2008 నుంచి దళిత మహిళలు సంఘం రేడియో నడిపారు. పెద్ద చదువుల్లేని వాళ్లు మైకు ముందు కూర్చుని విత్తనాల గురించి, పంటల గురించి మాట్లాడారు. వాళ్లకు దొరికింది ఓపికగా ఇచ్చిన శిక్షణ, నమ్మకం. ఆ రెండూ యువతకూ ఇవ్వవచ్చు.

ఒక హద్దు మాత్రం మొదటే గీయాలి. ఈ యువ శిక్షకులను పోలీసులు ఇన్‌ఫార్మర్లుగా వాడుకోకూడదు. ఆ అనుమానం ఒక్కసారి పుడితే అసలు రావాల్సిన కుర్రాడు మళ్లీ రాడు. పోలీసులు బంతి ఇవ్వవచ్చు, మ్యాచ్ చూడవచ్చు, పేర్లు అడగకూడదు. 2015 బాల న్యాయ చట్టం తప్పు చేసిన బాలలకు బృంద కౌన్సెలింగ్, సమాజ సేవ వంటి మార్గాలు చూపింది. బాల న్యాయ మండలి అలాంటి పిల్లవాడిని ఈ జట్లకు పంపవచ్చు. అయితే అతడి కేసు సంగతి తోటి పిల్లలకు తెలియకూడదు. చట్టం కూడా అదే చెబుతోంది.

డబ్బు లేదన్న సాకు చెల్లదు. 550 మంది కళాకారులకు జీతమిచ్చి తెలంగాణ సాంస్కృతిక సారథిని నెలకొల్పిన రాష్ట్రమిది. మండలంలో ముప్పై పంచాయతీలనుకుంటే ఊరికి ఇద్దరి చొప్పున, ఒక్కొక్కరికి నెలకు 5,000 రూపాయలు ఇస్తే ఏడాదికి 36 లక్షలు. జహీరాబాద్ చుట్టూ వచ్చే పరిశ్రమల సామాజిక బాధ్యత నిధుల్లో మొదటి వాటా భూములిచ్చిన ఊళ్లదే కావాలి. పంచాయతీరాజ్ చట్టం చెప్పిన స్థాయీ సంఘాల్లో పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మొక్కల పెంపకం ఉన్నాయి, ఆటలు లేవు. 2025 డిసెంబరు ఎన్నికల్లో గెలిచిన సర్పంచులు గ్రామసభలో తీర్మానం చేసి ఆ లోటు తీర్చాలి. ఎంపిక కూడా గ్రామసభలోనే, అందరి ఎదుట జరగాలి. పార్టీ జెండా మోసినందుకు బహుమతిగా ఈ పని ఇవ్వకూడదు. ఏడాది చివర జిల్లా యంత్రాంగం లెక్క అడిగేటప్పుడు పతకాలు ఎన్ని అని కాక, బడి మానేసి తిరిగి చేరినవాళ్లెందరు, వారానికి నాలుగు రోజులైనా మైదానానికి వస్తున్న ఆడపిల్లలెందరు, కొత్తగా కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు తగ్గారా అని అడగాలి.