రిపోర్టు రాస్తున్నారు సరే, చదివేదెవరు?

మైలవరం చుట్టుపక్కల చాలామంది మామిడి రైతులు పూత మీదే తోటను గుత్తకు ఇచ్చేస్తారు. ఆ తర్వాత నున్న మార్కెట్లో కాయ ఎంత పలికినా ఆ లాభనష్టాలు గుత్తదారుడివే. మరి రైతు ఎందుకిస్తాడు? అప్పుల వాళ్ల ఒత్తిడా, మందుల ఖర్చు భరించలేకా, గాలివాన భయమా? డిగ్రీ విద్యార్థికి ఇంతకంటే మంచి పరిశోధనాంశం అక్కర్లేదు. నలుగురు రైతుల్ని అడగాలి, ఇద్దరు గుత్తదారుల్నీ అడగాలి. వాళ్ల మాటలకూ వీళ్ల మాటలకూ పొంతన కుదరనప్పుడు అసలు పని మొదలవుతుంది.

ఇలాంటి పనికి అవకాశం లేక కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. ఊళ్లోకి వెళ్లాలి, సర్వే చేయాలి, రిపోర్టు రాయాలి. కానీ పాత బ్యాచ్ రిపోర్టులో ఊరి పేరు మార్చి స్పైరల్ బైండింగ్ చేయించే దారీ పక్కనే ఉంది. చాట్‌జీపీటీ వచ్చాక ఆ కాస్త శ్రమా తప్పింది. పిల్లల్ని తిట్టి ఏం లాభం? గైడు బట్టీపట్టి అడిషనల్ షీట్లు నింపితే మార్కులు వేసింది పెద్దవాళ్లమే. ఆ పిల్లలే ఎం.ఎస్.కి అమెరికా వచ్చి, ఎవరి పేరాగ్రాఫో తమదిగా ఇచ్చి ప్రొఫెసర్ ముందు తలదించుకుంటే మాత్రం ఆశ్చర్యపోతాం.

పరిశోధన ఎలా చేయాలో చూపిన మనిషి ఆ దగ్గర్లోనే ఉన్నారు. మైలవరంలాగే పెనుగంచిప్రోలు కూడా ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలోదే. ఆ పెనుగంచిప్రోలు ఆడపడుచు భండారు అచ్చమాంబ (1874-1905) కాలేజీ గడప తొక్కలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. చదివితే ఆడవాళ్లు చెడిపోతారన్న వాదం తప్పని చూపడానికి చరిత్రలోని స్త్రీల జీవితాలు వెతికి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ కూర్చారు. వాదం, దానికి ఆధారాలు: పరిశోధన అంటే మనం ఇప్పటికీ అడిగేది అదే. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పెట్టినవారిలో ఆ తమ్ముడూ ఒకరు. ఆ ఇంట్లో ఒకరు రాస్తే చదవడానికి రెండో మనిషి ఉన్నారు.

మన పిల్లలకు లేనిది ఆ రెండో మనిషే. తన రిపోర్టు ఎవరూ చదవరని తెలిసిన పిల్లవాడు ఒళ్లొంచి ఎందుకు రాస్తాడు? ఫుట్‌నోట్లు ఎలా పెట్టాలో తర్వాత నేర్పొచ్చు. ఇంగ్లీషూ తర్వాతే, మొదటి చిత్తు తెలుగులోనే రాయనిద్దాం.

మన సంఘం సభ్యులు ఒక్కొక్కరూ ఒక్కో విద్యార్థి చిత్తుప్రతి చదవండి. వేసవికి ఊరెళ్లేవారు ఎదురుగా కూర్చుని, వెళ్లనివారు ఈమెయిల్లో. అక్షరదోషాలు దిద్దనక్కర్లేదు. “ఇది ఎవరు చెప్పారు? గుత్తదారుణ్ని కూడా అడిగావా?” అని మార్జిన్‌లో రాస్తే చాలు. ముందుకొచ్చేవారు వచ్చే సంచికలోగా సంపాదకవర్గానికి తెలియజేయండి.